పిడుగుతీగ మాత్రలతో పల్నాటి దారిలో

మా ముత్తాత కోటయ్యగారు గురజాల తాలూకాలో నాలుగు గ్రామాలకు మునసబు. ఆయన కొడుకు, మా తాతగారు రామకోటయ్యగారు, తండ్రి కంటే ఎక్కువ కాలం అదే కుర్చీలో కూర్చున్నారు. కళ్లంలో రాశి పోశాక తాతగారు వచ్చేదాకా ఎవరూ గంప ముట్టేవారు కాదు. అన్నదమ్ములు విడిపోతే ఇత్తడి బిందెల దగ్గర్నుంచి ఎద్దుల దాకా ఆయనే పంచేవారు. ఆయన పంచాక మళ్లీ కోర్టుకెక్కిన ఇల్లు లేదని చెప్పుకునేవారు. ఇది గొప్పకు రాయడం లేదు. ఆ మాట గుర్తున్నవాళ్లు పల్నాడులో ఇంకా ఉండబట్టే ఈ ప్రయాణం ఇలా సాగింది.

నాన్నగారి హయాంలో పదవి పోయింది. పదవితో పాటు పోవాల్సినవి ఆయన ముందే రెండు ఎన్నికల్లో నిలబడి పోగొట్టారు. ఇల్లు ఒకదానికి, మాగాణి రెండోదానికి. నేను పెళ్లయి కాకినాడ వచ్చి, అక్కడి బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా ఊరి పేరు ఇక్కడ రాయను. తాతగారి రోజుల్లో మా ఇంటిపేరు చెబితే ఊరి పేరు అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు రెండూ చెప్పుకోవలసి వస్తే ఏదీ చెప్పకపోవడమే మర్యాద.

కొన్నేళ్ల కిందట నా చేతులకు కీళ్లవాతం పట్టుకుంది. వయసు మీద పడి వచ్చే మోకాళ్ల నొప్పి కాదిది. ఒంటికి కాపలా ఉండవలసిన శక్తి ఒంటిమీదకే తిరగబడే జబ్బు. పొద్దున లేస్తే వేళ్లు కొయ్యల్లా బిగిసి ఉంటాయి. తాళం తిప్పలేకపోవడం ఓర్చుకున్నాను. అన్నం చెంచాతో తినడమూ ఓర్చుకున్నాను. చీర కుచ్చిళ్లు పెట్టుకోలేకపోవడం మాత్రం ఓర్చుకోలేకపోయాను. పక్కవాటా కోడలు పద్మ పిల్లల్ని బడికి పంపి వచ్చేదాకా, ఒంటికి చీర చుట్టబెట్టుకుని తలుపు వెనక కుర్చీలో కూర్చునేదాన్ని. "నైటీ వేసుకోండి పిన్నిగారూ, ఈ రోజుల్లో అందరూ వేసుకుంటున్నారు కదండీ" అనేది ఆ పిల్ల, నా మంచికే. మా ఇంటి ఆడవాళ్లు నైటీతో వీధి తలుపు తీయరు.

నరసరావుపేటలో ఒక డాక్టరమ్మ, చైనాలో కీళ్లనొప్పులకు వాడే ఒక మూలికను మన ఆడవాళ్ల మీద పరీక్షించి చూస్తోందని మా మేనకోడలు చెప్పింది. వెళ్లి చేరాను. మూడుసార్లు డబ్బా తీసుకుని వెంటనే రైలెక్కి కాకినాడ వెళ్లిపోయాను. మూడో డబ్బా సగంలో ఉండగా ఒక పొద్దున కుచ్చిళ్లు నేనే పెట్టుకున్నాను. ఆరు రావలసిన చోట నాలుగే వచ్చాయి, అవీ ఒకటి పొడుగు ఒకటి పొట్టి. అయినా పద్మ వచ్చేసరికి వీధి తలుపు బార్లా తీసి గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ పిల్ల నా కాళ్ల దగ్గర చీర అంచు చూసి నవ్వింది.

ఇది నాలుగో డబ్బా కోసం వెళ్లిన ప్రయాణం. ఈసారి వెంటనే వెనక్కి రాకుండా పల్నాడు లోపలిదాకా వెళ్లాలనిపించింది. చేతులు తిరిగి వస్తున్నాయి కదా, పోయినవాటిలో ఇంకేమైనా తిరిగి వస్తుందేమోనని మనసు ఊరికే లాగింది.

నరసరావుపేట

బస్టాండు దగ్గరి లాడ్జిలో దిగాను. గది శుభ్రంగానే ఉంది కానీ, స్నానాలగదిలో కుళాయి పాతకాలపు గుండ్రటి పిడి. నా వేళ్లకు అది లొంగలేదు. కిందికి వెళ్లి గుమాస్తాకు చెప్పాను.

"ఏంది మేడం, కుళాయి తిప్పటం రాదా?" అన్నాడు.

"వచ్చు. తిరగటం లేదు."

అతను పైకొచ్చి ఒక్క విదిలింపుతో తిప్పి, నా చేతులవంక చూశాడు. "చెప్పొద్దా ముందే? మా అమ్మక్కూడా ఇట్టాగే" అని, బకెట్లు రెండూ నింపి పెట్టి పోయాడు. కాకినాడలో తిట్టినా 'అండి' చేర్చి తిడతారు. ఇక్కడ ఆప్యాయంగా మాట్లాడినా తగాదాకు వచ్చినట్టుంటుంది. నా చిన్నప్పటి చెవులు ఇంకా ఉన్నాయి కాబట్టి నాకు హాయిగా అనిపించింది.

పొద్దున బండి మీద ఇడ్లీ తిన్నాను. కారప్పొడి మీద నెయ్యి వేయమంటే నెయ్యి మీద కారప్పొడి వేశాడు. కాకినాడ నోటితో తిన్నందుకు కళ్ల నీళ్లు తిరిగాయి. బండివాడు, "యా ఊరమ్మా మీది?" అన్నాడు. ఈ పల్నాడేనని చెప్పడానికి నాలుక మండుతోంది.

ఆసుపత్రిలో రక్తం తీసి, వేళ్లు వంచి చూసి, డబ్బా ఇచ్చారు. తెలియనివారి కోసం ఈ పరీక్ష సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఆ తీగకు చైనావాళ్లు పెట్టిన పేరును తెలుగులో చెప్పుకుంటే పిడుగుదేవుడి తీగ అవుతుందట. వేరు పైతోలు తీసేసి లోపలిదే వాడాలి, ఆకూ పువ్వూ విషం. గర్భానికి చెరుపు చేస్తుంది కాబట్టి పిల్లలు పుట్టే వయసు దాటినవాళ్లనే చేర్చుకున్నారు. కాలేయానికి కూడా భయమే కనక ప్రతిసారీ రక్తం చూస్తారు. చేరినవాళ్లలో కొందరి డబ్బాల్లో ఆ మూలిక మాత్రలు ఉంటాయి. మిగిలినవాళ్ల డబ్బాల్లో ఉత్త పిండి మాత్రలు. రంగూ రుచీ ఒక్కటే. ఎవరిది ఏదో మనకూ తెలియదు, డాక్టరమ్మకూ తెలియదు. అందరి పరీక్షా ముగిశాకే ఆ గుట్టు విప్పుతారు. మామూలు నొప్పి మాత్రలు మాత్రం అందరం వేసుకుంటూనే ఉంటాం.

డాక్టరమ్మ నా పిడికిలి చూసి ముచ్చటపడింది. "టీచరుగారూ, రేపు మాచర్లలో క్యాంపు పెడుతున్నాం. కొత్తవాళ్లు చేరడానికి భయపడుతున్నారు. మీరొచ్చి నాలుగు మాటలు చెప్పకూడదా?" అంది.

నలుగురిలో నాలుగు మాటలు చెప్పమని మా ఇంటివాళ్లను పిలిచి చాలా ఏళ్లయింది. వస్తానన్నాను. గురజాల వైపు ఆడవాళ్లను దింపే ఆసుపత్రి వ్యానులోనే నన్నూ ఎక్కించారు.

నకరికల్లు దాటాక

వ్యానులో ఏడుగురం. నా పక్కన మస్తాన్‌బీ. గురజాలలో ఆమె భర్తకు టైలరు కొట్టు ఉంది, ఈమె చొక్కాలకు కాజాలు కుట్టేది. ఎదుటి సీట్లో మరియమ్మ. గురజాల పక్క పల్లెలో ఉంటుంది, మిరపకోతలకు వెళ్లేది. మిగిలిన నలుగురూ దారిలో ఒక్కో ఊళ్లో దిగవలసినవాళ్లు. ఎవరి ఒళ్లో వాళ్ల డబ్బా.

ఎక్కగానే నేను ఫలానా మునసబుగారి మనవరాలినని చెప్పుకున్నాను. ఎవరూ అడగలేదు. అయినా చెప్పాను.

"ఆ తీగ పేరేందక్కా?" అంది మస్తాన్‌బీ. చెప్పాను.

"పిడుగా? అయితే చైనా దాకా పోవటం ఎందుకు, పిడుగురాళ్లలో దిగి తవ్వుకుంటే పోద్ది గదా" అంది మరియమ్మ. వ్యానంతా నవ్వింది. ఆ నవ్వు ఆగాక ఆమె తన రెండు చేతులూ ముందుకు చాచింది. కణుపులు ఉబ్బి, వేళ్లన్నీ చిటికెనవేలి వైపు వాలిపోయి ఉన్నాయి. "నాకేం తగ్గలా. నీకో?" అని మస్తాన్‌బీని అడిగింది.

మస్తాన్‌బీ వేళ్లు ముడిచి విప్పింది. బాగానే ముడుచుకున్నాయి. తర్వాత అందరూ నా చేతులవైపు చూశారు. నేనూ ముడిచి చూపించాను.

"అయితే మీ ఇద్దరి డబ్బాల్లో అసలు మందుంది. నాకు పిండి పోశారు" అంది మరియమ్మ. ఆ గొంతులో కోపం లేదు, వానపడని సంగతి చెప్పినట్టు చెప్పింది.

నకరికల్లు దాటాక టీ కొట్టు దగ్గర వ్యాను ఆగింది. నాపరాళ్లు పేర్చిన అరుగుమీద కూర్చున్నాం. పల్నాడులో అన్నీ నాపరాళ్లే. గోడ, కంచె, కప్పు, కాలిబాట, ఆఖరికి టీ కొట్టు బల్ల కూడా. టీ పది రూపాయలు, గ్లాసు మాత్రం ఉగ్గుగిన్నెంత. మస్తాన్‌బీ టీ తాగడం మధ్యలో ఆపి అంది.

"పంక్తిలో కూచోబెట్టి ఒకళ్లకు నెయ్యి, ఇంకోళ్లకు నీళ్లు పోస్తే, ఆ పెళ్లివాళ్లను ఏమంటారక్కా?"

"ఇది పెళ్లి కాదమ్మా, పరీక్ష. అందరికీ మందే ఇస్తే మందు పనిచేసిందో లేదో తెలియదు" అన్నాను.

"పరీక్ష డాక్టరమ్మకు. నొప్పి మాకు" అంది వెనక నుంచి ఇంకొకామె.

"మా చర్చిలో రొట్టెముక్క ఇచ్చినా అందరికీ ఒకటే ఇస్తారు" అంది మరియమ్మ.

మస్తాన్‌బీ తన డబ్బా మూత తీసింది. మరియమ్మ భుజం మీది తువాలు తీసుకుని అరుగు మీద పరిచి, మాత్రలన్నీ అందులో కుమ్మరించింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తర్వాత మరియమ్మవి, తర్వాత తక్కిన నలుగురివి. తువాలు మధ్యలో చిన్న రాశి అయింది. ఇంక నా డబ్బా ఒక్కటే మిగిలింది.

నాకు తెలుసు. లెక్కలు చెప్పినదాన్ని, నాకు తెలియక కాదు. ఆ రాశిలో పోస్తే పరీక్ష పోతుంది. పరీక్ష సంగతి అలా ఉంచినా, నా డబ్బాలో ఉన్నది పిండి కాదని నా వేళ్లకు తెలుసు. నాలుగు కుచ్చిళ్లు వచ్చాయి. ఇంకో రెండు నెలల్లో ఆరూ వస్తాయి. ఆ రెండు కుచ్చిళ్లూ ఆ డబ్బాలోనే ఉన్నాయి.

మరియమ్మ నన్ను తొందరపెట్టలేదు. "పెద్దమ్మా, మీ తాత పంచేది మా నాయన చూశాడంట. రైతు గంప, కూలోళ్ల గంప పక్కపక్కన పెట్టి రెండూ ఆయనే సదిరేవోడంట. నువ్వే పంచు. నీ చేత్తో పంచితే ఎవరికీ తేడా రాదు" అంది.

నా డబ్బా మూత నేను తీయలేకపోయాను. మస్తాన్‌బీ తీసి ఇచ్చింది. నేనే కుమ్మరించాను.

అలా ఆ రోజు నాపరాతి అరుగు మీద కూర్చుని ఏడు కుప్పలు పెట్టాను. వంకర వేళ్లతో ఒక్కో మాత్రా జరుపుతుంటే ఆరుగురు ఆడవాళ్లు మీదికి వంగి చూశారు. డ్రైవరు హారన్ కొడితే మస్తాన్‌బీ, "ఆగరా అబ్బాయ్, పంపకం జరగతంది" అని కసిరింది. కొన్ని మాత్రలు సమంగా తెగలేదు. మిగిలింది బలం లేనివాళ్లదని తాతగారు అనేవారు. వాటిని మరియమ్మ కుప్పలో కలిపాను. అందరూ తలలూపారు. పుట్టాక అంత నిండుగా నేనెప్పుడూ కూర్చోలేదు. అది తప్పని తెలిసి కూడా ఇప్పటికీ ఆ అరుగు మీదికి మనసు పోతూనే ఉంటుంది.

గురజాల

పిడుగురాళ్ల దాటాక రోడ్డు పక్క కళ్లాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. కంటికి ఆనినంత మేరా ఎరుపు. వ్యాను అద్దాలు మూసినా తుమ్ములు ఆగలేదు. మా ఊరి మలుపు దగ్గర డ్రైవరు, "దిగుతారా మేడం? షేరాటోలు ఉన్నై" అన్నాడు. తాతగారు ఆ మలుపులో అడుగు పెడితే అరుగుల మీదివాళ్లు లేచి నిలబడేవారు. అదే మలుపులో ఆటోలో పదిమందితో ఇరుక్కుని దిగడానికి మనసొప్పలేదు. వద్దన్నాను. అద్దంలోంచి చూశాను. తుమ్మచెట్లు, కరెంటు స్తంభాలు, గడ్డి వేసుకుపోతున్న ట్రాక్టరు. మలుపు వెనక్కి వెళ్లిపోయాక మెడ తిప్పి చూడాలనిపించింది. మెడలో కూడా కీళ్లుంటాయి.

ఆ రాత్రికి మస్తాన్‌బీ తన ఇంట్లో ఉండమంది. తాతగారి రోజుల్లో మా ఇంటివాళ్లు సాయిబుల ఇంట మంచినీళ్లు కూడా పుచ్చుకునేవారు కాదు. ఆ మాట ఆమెకూ తెలుసని, నేను గ్లాసు ఎత్తగానే ఆమె కళ్లు చూస్తే తెలిసింది. జొన్నరొట్టె, పప్పు, పండుమిరప పచ్చడి చేసింది. "నీ కోసం మాంసం పొయ్యి ఎక్కించలేదక్కా" అంది. కాకినాడలో పప్పులో బెల్లం ముక్క వేస్తారు. ఇక్కడ పప్పు కూడా కారంతోనే మొదలవుతుంది.

రొట్టె నా ముందు పెట్టేముందే ముక్కలుగా తుంచి పప్పులో నానబెట్టి తెచ్చింది. "మా ఇంట్లో ఇట్టాగే తింటామక్కా" అంది. కాసేపటికి ఆమె భర్త కొట్టు కట్టేసి వచ్చి కూర్చున్నాడు. అతనికి రొట్టె నిండుగా, విరవకుండా వేసింది. నేను తల వంచుకుని తిన్నాను. నాకు ఆ ఇంట్లో జరిగినంత మర్యాద ఈ మధ్య ఎక్కడా జరగలేదు.

నా భోజనం అయ్యాక అడిగాను. "నీకు నయమవుతోంది కదా, మళ్లీ కాజాలు కుడుతున్నావు కదా. ముందుగా నువ్వే ఎందుకు పోశావు? బాధ లేదా?"

"ఎందుకు ఉండదు? టీ కొట్టు కాడ మళ్లీ వ్యాను ఎక్కిన కాణ్ణుంచీ ఉంది." ఆమె తన వేళ్లు చూసుకుంది. "మరియమ్మ ఎదురుగా కూచుని ఉంటే ఎట్టా మింగను అక్కా? గొంతు దిగొద్దా?"

భర్త నవ్వాడు. "ముట్లుడిగినోళ్లనే తీసుకుంటారంటే ఈమె ఎంత సంబరపడిందో. ముసలితనానికి కూడా ఒక సీటు దొరికిందంది."

"నోరు మూసుకుని తిను" అంది మస్తాన్‌బీ.

దుర్గి

మర్నాడు మాచర్ల బస్సు కోసం నిలబడితే, ముందు దుర్గి బస్సు వచ్చింది. చిన్నప్పుడు తాతగారితో ఒకసారి దుర్గి వెళ్లినట్టు లీలగా గుర్తు. ఎక్కేశాను.

రోడ్డు పక్క పాకల్లో రాళ్లు చెక్కుతున్నారు. దుమ్ము పౌడరులా గాలిలో తేలుతోంది. వినాయకుళ్లు, నాగప్రతిమలు, నందులు, పేరు లేని ఏదో నాయకుడి మొహం సగం దాకా. ఒక నడివయసు శిల్పి నాకు స్టూలు వేశాడు. అమ్మవారి విగ్రహం చేతి దగ్గర పని చేస్తున్నాడు. వేళ్ల మధ్య రాయి ఇంకా తీయలేదు, అన్నీ కలిసి ఒక దిమ్మలా ఉన్నాయి.

"వేళ్లు ఆఖరున విడదీస్తామమ్మా. ముందే విడదీస్తే లారీలో విరుగుతయ్" అన్నాడు. తర్వాత నా చేతులు చూసి నొచ్చుకున్నట్టున్నాడు, వెంటనే టీ తెప్పించాడు. అరచేయంత నంది ఒకటి కొనాలనుకున్నాను. బాగుంది, ధర కూడా ఎక్కువేం కాదు. ఎత్తి చూస్తే మణికట్టు కలుక్కుమంది. తిరిగి పెట్టేశాను. "మళ్లొచ్చినప్పుడు తీసుకుపోండి, ఇది ఇక్కడే ఉంటది" అన్నాడు. అతను బేరం పోయినందుకు అన్నాడో, నా మీద దయతో అన్నాడో తెలియదు. మళ్లీ రావడమనే మాట మాత్రం తీయగా తగిలింది.

మాచర్ల

క్యాంపు ఒక కల్యాణమండపంలో. ముందురోజు పెళ్లి పూలు ఇంకా స్తంభాలకు వేలాడుతున్నాయి. కుర్చీల నిండా ఆడవాళ్లు, వాళ్ల చేతులన్నీ ఒళ్లో దాచుకుని ఉన్నాయి. డాక్టరమ్మ నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టింది. నా నాలుగు మాటలు నేను బస్సులోనే కూర్చుకుని వచ్చాను.

ఈలోగా మరియమ్మ వచ్చింది. తన చెల్లెల్ని చేర్పించడానికి పల్లె నుంచి వెంటబెట్టుకొచ్చింది. చెల్లెలు భయపడుతోంది. "నాకు పిండి పోస్తే ఏం చేసేదే?" అని గట్టిగానే అడిగింది.

"పిచ్చిదానా, భయమెందుకే?" అంది మరియమ్మ, అంతకంటే గట్టిగా, హాలంతా వినబడేలా. "మేం అందరం కలిపి పంచుకున్నాం. మునసబుగారి మనవరాలు తన చేత్తో పంచింది. చుక్క తేడా రాలా. నువ్వూ అట్టాగే చెయ్యి."

డాక్టరమ్మ చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది. మరియమ్మ దగ్గరకు వచ్చి నెమ్మదిగా, "ఏం పంచుకున్నారు?" అని అడిగింది. మరియమ్మ అంతా చెప్పింది. టీ కొట్టు, తువాలు, కుప్పలు, మిగిలిన మాత్రలు తనకే ఇచ్చిన సంగతి. మంచిపని చెబుతున్నట్టే చెప్పింది, ఏదీ దాచలేదు.

డాక్టరమ్మ నావైపు తిరిగింది. "టీచరుగారూ?"

"నేనే పంచాను" అన్నాను. లేచి నిలబడి చెప్పాను. మా ఇంట్లో తప్పు ఒప్పుకునేటప్పుడు కూర్చోరు.

"మీకు తెలుసు కదండీ."

"తెలుసు."

"మరి?"

"నేనూ పంక్తిలోనే కూర్చున్నానమ్మా."

ఆమె కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది. ఖాళీ కుర్చీలో కూర్చుని చున్నీతో మొహం తుడుచుకుంది. "ఏడుగురినీ పరీక్షలోంచి తీసేయాలి. ఇది పనిచేస్తుందో లేదో తేలితే ఎంతమందికి ఇవ్వొచ్చో అనుకున్నాను. ఆ జవాబు మళ్లీ వెనక్కి పోయింది" అంది. ఆ ఏడుగురిలో నేను ఒకదాన్నని చెప్పనక్కర్లేదు.

మరియమ్మకు అప్పటికి గాని అర్థం కాలేదు. "అంటే నాకు ఇంక ఇయ్యవా?"

"మామూలు మాత్రలు ఇస్తానమ్మా. ఇవి ఇవ్వకూడదు."

"నిన్నటి నుంచే గదా తిన్నది. ఇయ్యాల పొద్దున వేళ్లు వదులుగా ఉన్నై డాక్టరమ్మా, దేవుడి తోడు." ఆమె చేతులు చాచి చూపించింది. ఎప్పటిలాగే ఉన్నాయి. ఆమెకు అలా కనబడలేదు.

డాక్టరమ్మ నన్ను చూసింది. "మీరు చెప్పవలసిన నాలుగు మాటలు ఇప్పుడు చెప్పండి. కలపకూడదని చెప్పండి. నేను చెబితే వినరు."

ముందు నిలబడ్డాను. బస్సులో కూర్చుకున్న మాటలు పనికిరావు. "కొత్త మిరప విత్తనం వస్తే ఏం చేస్తారు? ఒక మడిలో పాతది, ఒక మడిలో కొత్తది వేసి చూస్తారు. రెండూ కలిపి చల్లితే, పండింది ఏదో, ఎండింది ఏదో ఎవరు చెబుతారు? ఇదీ అంతే. మేం కలిపి చల్లాం. మీరు చల్లకండి" అన్నాను.

మాట తాకింది. చాలామంది తలలూపారు. వెనక వరుసలోంచి ఒక ముసలామె మాత్రం, "మడికి నొప్పుండదు గదమ్మా" అంది.

డాక్టరమ్మ ఆ ముసలామె దగ్గరికే వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని చేతులు పట్టుకుని చూడసాగింది. తర్వాత కొత్తవాళ్లలో చాలామంది చేరారు. మరియమ్మ చెల్లెలు కూడా చేరింది. "కలపనులే" అని అక్క మొహంలోకి చూడకుండా అంది.

డబ్బా వెనక్కి ఇచ్చేటప్పుడు అడిగాను. "నాది ఏదో చెప్పగలవా అమ్మా?"

"నాకూ తెలియదండీ. అంతా ముగిసేదాకా విప్పకూడదు."

"మందైతే ఎక్కడైనా కొనుక్కోవచ్చా?"

"ఇక్కడ అమ్మరు. ఎవరైనా తెప్పించి ఇస్తామన్నా తీసుకోకండి, రక్తం చూడకుండా వేసుకుంటే ప్రమాదం. పిండే అయితే మీ చేతులు వాటంతట అవే కుదుటపడ్డాయనుకోవాలి."

పిండే అయితే ఆ పిండే ఇప్పించమని అడగబుద్ధయింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మా ఇంటివాళ్లు అడగరు. డబ్బా ఆమె చేతిలో పెట్టి, దండం పెట్టి వచ్చేశాను.

నడికుడి

మాచర్ల నుంచి పాసింజరు రైలెక్కాను. గురజాల స్టేషన్లో కిటికీలోంచి చూశాను. మస్తాన్‌బీకి కబురు చెప్పేవాళ్లు ఈపాటికి చెప్పే ఉంటారు. నడికుడి జంక్షనులో రైలు చాలాసేపు ఆగింది. ప్లాట్‌ఫాం మీద దిగేటప్పుడు చీర అంచు మెట్టుకు పట్టుకుని కుచ్చిళ్లు జారిపోయాయి. బెంచీ మీద కూర్చుని మళ్లీ పెట్టుకోబోయాను. జామకాయలమ్మే ఒకామె చూసి, బుట్ట దించి, "లే వదినా" అంటూ నా అనుమతి కోసం ఆగకుండా చీర అందుకుంది. యాస కృష్ణకు అవతలి ఒడ్డుది. చకచకా మడతలు వేసి దోపింది.

"ఉండండి. ఒక్కసారి నన్ను పెట్టుకోనివ్వండి" అన్నాను.

ఆమె వింతగా చూసి, మడతలు వదిలేసి పక్కకు జరిగింది. నేను పెట్టుకున్నాను. నాలుగు వచ్చాయి. ఆమె జామకాయ ఒకటి కోసి ఉప్పూకారం అద్ది నా చేతిలో పెట్టి, "మంచిగనే ఉన్నయ్ గదా" అంది. డబ్బులు తీయబోతే కసిరింది. గుంటూరు దాకా ఆ కారం నోట్లో ఉంది.

తిరిగి కాకినాడ చేరిన కొత్తలో నాలుగూ వచ్చాయి. తర్వాత మూడు. వర్షాలు మొదలయ్యేసరికి వేళ్లు మళ్లీ కొయ్యలయ్యాయి. ఇప్పుడు పద్మ వచ్చేదాకా తలుపు వెనక కూర్చుంటున్నాను. ఒక్కోసారి కళ్లు మూసుకుని, తువాలు మీది రాశిలో నా మాత్రలు ఎటువైపు పడ్డాయో గుర్తు చేసుకోబోతాను. మరియమ్మకు ఫోను చేస్తే, "ఆ రెండు రోజులూ చానా బాగుంది పెద్దమ్మా" అంటుంది ప్రతిసారీ. అది నా మందు బలమో, ఆమె మనసు బలమో తేల్చడానికి ఇప్పుడు దారి లేదు. తేల్చుకోవాలని ఆమెకు లేదు, నాకుంది.

ఇక్కడి డాక్టరు ఇంజక్షన్లు రాశాడు. చేతులు పూర్తిగా వంగిపోకుండా ఆపుతాయట, ఏళ్ల తరబడి వేయించుకోవాలట. మా ఊళ్లో తాతగారి పేరున ఆఖరుగా మిగిలిన మూడెకరాల సుద్దనేల, పూడిపోయిన బావితో సహా, శ్రావణంలో అమ్మేశాను.